రేకుల షెడ్డులో ఊక పోసిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగటిపూట కుట్టుమిషన్ చప్పుడు చేయడానికి వీల్లేదు. బాపు, అంటే మా నాన్న, మందమర్రిలో బొగ్గుబాయి పనికి వెళ్ళేవాడు. రాత్రి డ్యూటీ పడిన వారం పగలంతా పడుకోవాలి. ఉన్నవి రెండే గదులు. ఆ వారాల్లో జాకెట్లు కుట్టే మా అక్క మిషన్ మీద బట్ట కప్పి, చేత్తో హుక్కులు కుట్టుకుంటూ కూర్చునేది. పెళ్ళిళ్ళ రోజుల్లో వచ్చిన బట్టలు సగం వెనక్కి ఇచ్చేసేది.

అందుకే మా తాతయ్య పెరట్లో రేకుల షెడ్డు వేశాడు. ఆయన కూడా బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడే. పక్కింటి కాక మా వంటింట్లోంచి కరెంటు లాగి, వైర్లన్నీ పైపుల్లో దూర్చి, ఒక లైటు, ఒక ఫ్యాను బిగించాడు. ఆ సాయంత్రం అక్క స్విచ్చు పదిసార్లు వేసి ఆర్పింది. ఇక మిగిలింది ఎండ సంగతి. మా దగ్గర వేసవిలో రేకుల కింద కూర్చోవడమంటే పొయ్యిలో కూర్చోవడమే. రేకుల కింద చెక్కలు కొట్టి, రెంటి మధ్య వడ్ల ఊక పరిస్తే వేడి దిగదని తాతయ్య నమ్మకం. పెద్దపల్లి దిక్కునున్న మిల్లు నుంచి ఊక సంచులు తెప్పించాడు. ఆ సందులో పట్టేది నేనొక్కడినే.

పొద్దున్నే ఎక్కాను. మొదటి మూడు వరుసలు శ్రద్ధగానే పరిచాను. తర్వాత మెడలో, చెవుల్లో ఊక చేరి దురద మొదలైంది. బయట దోస్తులు చిర్రగోనె ఆడుతున్నారు. కిటికీ పక్కనున్న ఆఖరి వరుస వదిలేసి, మిగిలిన రెండు సంచులు నీళ్ళ తొట్టి వెనక దాచాను. అంత ఇరుకులోకి ఎక్కి చూసేవాళ్ళు ఎవరూ లేరన్న ధైర్యం నాది.

తాతయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. బాయిలో పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో లేదో చెప్పడం ఆయనకు ఏళ్ళ తరబడి అలవాటు. చెక్కల మీద వరుసగా కొట్టుకుంటూ పోయాడు. ఊక ఉన్నచోట చప్పుడు మందంగా వచ్చింది. కిటికీ దగ్గర డప్పులా మోగింది. అక్కడే ఇంకోసారి కొట్టి నా వైపు చూశాడు.

"అంతా నింపినవారా?"

"నింపిన తాతా."

"అక్కను మిషన్ తెచ్చుకొమ్మందునా?"

"తెచ్చుకొమ్మను."

గుమ్మంలో నిలబడ్డ అక్క నవ్వింది. "వీడు నిండా నింపేది వాని కడుపొక్కటే. జర మంచిగ చూడు తాతా."

"వాడు చెప్పిండు గద," అన్నాడాయన. "మా బాయిల పైకప్పు చూసెటోడు మంచిగుందంటే మంచిగున్నట్టే. వాని మాట మీదనే అందరం కిందికి పోతుంటిమి."

ఆ మాట విన్నాక కూడా నేను నోరు విప్పలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గు కలిగేది అక్కడే. బద్ధకించడం పిల్లతనం అనుకోవచ్చు. ఆ ఖాళీ కిందే అక్క రోజంతా కూర్చుంటుందని తెలిసీ ఊరుకోవడం పిల్లతనం కాదు.

వెలుతురు కోసం మిషన్ కిటికీ దగ్గరే పెట్టుకుంటానని ముందు నుంచీ అంటున్న అక్క, అప్పుడే తెచ్చుకుంటానంది. తాతయ్య ఒప్పుకోలేదు. "ఒక్కరోజు ఆగు బిడ్డా, ముందుగాల నేను కూసొని చూస్త," అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఆట నుంచి వచ్చి తొంగిచూశాను. ఆ ఖాళీ వరుస కింద, బనీను చెమటకు తడిసిపోయి, ఆయన కూర్చుని ఉన్నాడు. కుర్చీలో కాదు. నేను దాచిన ఊక సంచి మీద. రెండో సంచి వీపు వెనక ఆనించుకున్నాడు.

"మస్తు మెత్తగుందిరా," అన్నాడు. "నువ్వు గూడ కూసుంటవా?"

ఆ సంచి కొస పట్టుకుని గుంజాను. ఆయన కాసేపు కదలకుండా బిగుసుకు కూర్చుని, నేను ఏడవబోయే ముందు నవ్వి లేచాడు.

ఎండ తగ్గాక మళ్ళీ ఎక్కాను. ఈసారి ఆయన నిచ్చెన మీద నిలబడి ఊక అందించాడు, నేను పరిచాను. చెక్కల సందుల్లోంచి ఊక రాలి ఆయన తల, మీసాలు నిండిపోయాయి. "తలంబ్రాలు పోసినట్టే ఉన్నది తాతా, పిల్ల ఏడున్నది?" అని అక్క కింద కూలబడి నవ్వింది. పని ముగిశాక ఆయన నా మెడ మీది ఊక దులుపుతూ అడిగాడు: "'ఇంకా కాలే తాతా' అంటే ఏమైతుండెరా? ఇద్దరం కలిసి పోస్తుంటిమి గద."

మర్నాటి నుంచి బాపు ఇంట్లో పడుకుంటే, పెరట్లో అక్క మిషన్ నడిచింది.

ఆ రోజుతో నేను పూర్తిగా మారిపోయానని చెప్పను. సగం పని చేసి అయిందని చెప్పిన సందర్భాలు పెద్దయ్యాక కూడా ఉన్నాయి. వాటివల్ల ఇబ్బంది పడింది నావాళ్ళే. అయితే "కాలేదు, ఇంకొంచెం ఉంది" అని తల దించుకోకుండా చెప్పడం మెల్లగా చేతనైంది. అలా చెప్పినప్పుడు చాలాసార్లు ఎవరో ఒకరు లేచి వచ్చి, నాతోపాటు పనికి వంగారు.