ఆకాశం అడిగిన ఫోన్ నంబరు

కువైట్ ఎంత దేశమని! పొద్దున్న టిఫిన్ చేసి కారెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి దేశం అయిపోయి సరిహద్దు గేటు ఎదురొస్తుంది. ఇంత చోట్లో తప్పిపోవాలంటే మనిషి ఎంత కష్టపడాలి? మా ఆయన శాటిలైట్ కమ్యూనికేటర్ కొనుక్కొచ్చిన రోజున నేను అడిగింది ఇదే.

"దేశం చిన్నదే. మునగడానికి మోకాల్లోతు నీళ్ళు చాలు," అన్నారాయన, అట్టపెట్టె విప్పుతూ.

ఆయన ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరు. మీటరు చూపించందే దేన్నీ నమ్మరు. నాకు కోపం వచ్చిందని కూడా ఎక్కడో ముల్లు కదిలితే తప్ప గుర్తించరు. ఆ పరికరం అరచేతిలో ఇమిడేంత ఉంది, పైన బొటనవేలంత కొమ్ము. దానికి టవర్లతో పని లేదట. నెత్తిమీద ఆకాశం కనిపిస్తే చాలు, మన ఫోనుతో జతచేసి నాలుగు ముక్కలు రాసి పంపుకోవచ్చట. పక్కన మూతకింద ఒక బటన్. ఆపదలో అది నొక్కితే ఎక్కడో సముద్రాల అవతల మెలకువగా కూర్చున్న మనుషులకి మనం ఉన్న చోటు తెలుస్తుంది. వాళ్ళు ఇక్కడి సహాయక దళానికి కబురు చేస్తారు. ఇక్కడ వాడొచ్చో లేదో కనుక్కోవడం, పేర్లూ వివరాలూ నింపడం అంతా ఆయనే చూసుకున్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే వాదిస్తానట.

ఇదంతా ఫగా కోసం. వానలు బాగా పడిన ఏడు ఈ ఎడారిలో ఇసుక కింద బంగాళాదుంపల్లాంటివి ఊరతాయి. వాటిని ఇక్కడివాళ్ళు ఫగా అంటారు, ప్రాణం పెట్టి తింటారు. ఉరుములకి పుడతాయని వీళ్ళ నమ్మకం. మనవైపు ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయంటామే, అలాగ. మా ఆయన ఆఫీసులో ఒక కువైటీ పెద్దమనిషి అలాంటి ప్రతి ఏడూ ఒక సంచి తెచ్చి చూపించి ఊరిస్తాడు, ఎక్కడ దొరికాయో మాత్రం చెప్పడు. దాంతో ఈయనకి పంతం పట్టుకుంది.

ఆ పంతానికి తోడు మా మరిది. సొంత మరిది కాదు. కోనసీమ మనిషి, సబ్హాన్‌లో ఏసీల వర్క్‌షాపులో సూపర్‌వైజరు. మా ఆయన్ని అన్నయ్యగారంటాడు, నన్ను వదినగారంటాడు, వారానికోసారి మా ఇంట్లో చేపల పులుసు తింటాడు. ఈ దేశంలో చుట్టరికానికి ఇంతకన్నా ఏం కావాలి? అతని భార్య నర్సు. ఆ శుక్రవారం ఆమెకి డ్యూటీ ఉంది కాబట్టి మేం ముగ్గురమే బయల్దేరాం.

దారిలో పూతరేకుల డబ్బా తెరిచాను. స్టీరింగ్ మీద ఒక చెయ్యి ఉంచి మా ఆయన రెండు తిన్నారు. మరిది ఒకటి తిని, జేబులోంచి తన వక్కపొడి డబ్బా తీశాడు. గుండ్రటి స్టీలు డబ్బా. చిటికెడు నోట్లో వేసుకుని మూత ఠక్కున మూసి మళ్ళీ జేబులో దోపేశాడు. ఎప్పుడూ అంతే, ఎవరి ముందుకూ చాపడు.

"ఏవయ్యా, మీ కోనసీమలో వక్కపొడి ఎదుటివాళ్ళకి పెట్టే అలవాటు లేదా?"

"ఉందండీ వదినగారూ. ఇది మా ఘాటండి. మీకు పడదండి."

"నా నోటికంటే ఘాటా?"

"ఆయ్, అదీ నిజవేనండి," అన్నాడు. మా ఆయన అద్దంలో నన్ను చూసి నవ్వడం నాకు కనిపించకుండా ఉండాలని చాలా ప్రయత్నించారు.

సాల్మీ రోడ్డు వదిలి, చక్రాల జాడ పట్టుకుని లోపలికి చాలా దూరం పోయాం. వానలకి ఎడారి ఒళ్ళంతా పచ్చటి నూగు, అక్కడక్కడ పసుపు పూల పొదలు. ఉసిరికాయంత ఫగా ఒకటి దొరికింది. దాన్ని చూసి ఇద్దరు మగాళ్ళు పిల్లాడు పుట్టినంత సంబరపడ్డారు. ఇంకా దొరుకుతాయని పల్లంలోకి దింపారు కారుని. పైన ఎండినట్టున్న ఇసుక కింద మెత్తటి బురద. ముందు చక్రాలు రెండూ సగానికి దిగబడ్డాయి.

నా ఫోన్ చూసుకున్నాను. సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. ఆయన ఫోన్లోనూ లేదు, మరిది ఫోన్లోనూ లేదు. నడిచి వెళ్దామంటే పాత గల్ఫు యుద్ధం నాటి పేలుడు సామాను ఇసుకలో ఇంకా ఉంటుందని, దారి తప్పి నడవద్దని, ఏది కనిపించినా ముట్టుకోవద్దని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా చెబుతారు.

"మీరుండండి అన్నయ్యగారూ," అని మరిది పార లాక్కున్నాడు. గబగబా తవ్వాడు, ఇంకా తవ్వాడు. మధ్యలో ఆగి పార మీద వాలాడు. తర్వాత కూర్చున్నాడు. చలిగాలి వీస్తోంది, మేం స్వెట్టర్లలో ఉన్నాం. అతని మొహం మాత్రం స్నానం చేసినట్టు తడిసిపోయింది.

"ఏమైంది?"

"గ్యాసండీ వదినగారూ. పొద్దున్న పెసరట్లు..."

గ్యాసు అంటున్న మనిషి చెయ్యి పొట్ట మీద లేదు, రొమ్ము మధ్యలో ఉంది. ఎడమ చెయ్యి బరువుగా ఉందన్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. నా చదువు వైద్యం కాదు, అర్థశాస్త్రం. అయినా ఈ మాత్రం తెలియడానికి ఏ శాస్త్రమూ అక్కర్లేదు.

"ఆ బటన్ నొక్కండి," అన్నాను మా ఆయనతో.

ఆయన కదల్లేదు. "ఆగు. ఇంత దానికే నొక్కితే హెలికాప్టర్లు వచ్చేస్తాయి. పదిమందిలో..."

ఆపదకని ఇంత ముచ్చటపడి కొన్న మనిషి, ఆపద ఎదురుగా చెమటలు పోసుకుని కూర్చుంటే పరువు గురించి ఆలోచిస్తున్నాడు!

"పోన్లెండి అన్నయ్యగారూ, తగ్గిపోద్దండి. వాళ్ళొస్తే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, ఇఖామాలవీ అడుగుతారు, గొడవ," అంటున్నాడు ఆ ఊపిరి అందని మనిషి కూడా.

"నీ ఇఖామా భేషుగ్గా ఉంది. దానిమీద ఉండాల్సిన మనిషి సంగతి చూడు ముందు!" అని, మా ఆయన చేతిలోంచి ఆ పరికరం లాక్కుని, మూత తెరిచి, నేనే నొక్కి పట్టుకున్నాను.

కాసేపు ఏమీ లేదు. ఆకాశం వైపు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత జవాబొచ్చింది. మీ పిలుపు అందింది, ఏమైంది అని. మా ఆయన అప్పుడు మనిషయ్యారు. ఫోను తీసుకుని రాశారు: మగమనిషి, ఛాతీనొప్పి, చెమటలు, కారు దిగబడింది. సహాయక దళానికి చెప్పామని, కదిలించకుండా కూర్చోబెట్టమని, పూర్వం గుండెజబ్బు ఉందా, ఏమైనా మందులు వాడతాడా అని వాళ్ళు అడిగారు.

"ఏం లేదండి. నాకేం లేదండి," అన్నాడు మరిది కళ్ళు మూసుకునే.

అదే రాసి పంపాం. మళ్ళీ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది చదివి మా ఆయన ఫోను నాకు కనిపించకుండా తిప్పారు. నేను లాక్కుని చూశాను. మీరు ఇచ్చిన అత్యవసర నంబర్లు రెంటికీ చేశాం, రెండూ కలవడం లేదు, ఇంకో నంబరు ఉందా అని ఉంది.

"ఎవరి నంబర్లిచ్చారు?"

ఆయన గడ్డంతో పక్కకి చూపించారు. మేం పరిచిన చాప మీద కారు చక్రానికి ఆనుకుని మరిది ఉన్నాడు.

"ఇతనా? మీతో ఎడారికి వచ్చే మనిషి నంబరే, ఎడారిలో ఆపదొస్తే చెయ్యమని ఇచ్చారా?"

"కంగారు పడకుండా మాట్లాడతాడని..."

"రెండోది?"

"రెండోది లేకపోతే ముందుకు పోనివ్వలేదు. అందుకని..." ప్యాంటు జేబు తడుముకున్నారు. "నా రెండో సిమ్ము."

సముద్రాల అవతల ఒక మనిషి, అర్ధరాత్రో అపరాత్రో, ఈ ప్రాణం కాపాడడానికి ఫోన్ చేస్తున్నాడు. ఎవరికి? ఒకటి రోగి జేబులోకి, ఇంకోటి మా ఆయన జేబులోకి. ఇద్దరూ సిగ్నల్ లేని ఒకే గుంటలో.

"నా నంబరు ఎందుకివ్వలేదు?"

"నీకు ఫోనొస్తే ఆ చేసినవాడితో వాదన పెట్టుకుంటావు," అన్నారు. తర్వాత కాస్త తగ్గి, "నువ్వు కంగారు పడతావని," అన్నారు.

అదీ అసలు మాట. గల్ఫుకొచ్చిన మావాళ్ళందరికీ ఇది ఆచారం. మంచి కబురు విమానం కంటే ముందొస్తుంది, చెడ్డ కబురు మాత్రం సంబంధించిన మనిషికి ఆఖర్న చేరుతుంది. మా నాన్నగారు పోయినప్పుడు "కాస్త నలతగా ఉందిట, ఓసారి చూసొస్తే మంచిది" అని టిక్కెట్టు చేతిలో పెట్టారు. విమానంలో మా ఊరివాళ్ళు ఎంత మర్యాదగా చూశారో నన్ను! వాళ్ళందరికీ తెలుసు. నేను మాత్రం నాన్న కోసం ఖర్జూరాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"మీ ఆవిడ నంబరిస్తున్నానయ్యా," అన్నాను మరిదితో.

కళ్ళు తెరిచాడు. "వద్దు వదినగారూ! దండవెడతాను. డ్యూటీలో ఉందండి, కంగారు పడుద్దండి."

"ఆవిడ నర్సు! నీలాంటివాళ్ళని రోజూ పదిమందిని చూస్తుంది!"

"పాపం, ఎందుకులే ఆ అమ్మాయిని..." అన్నారు మా ఆయన కూడా.

వీళ్ళిద్దరి జాలీ కలిపి ఆ ఇసుకలోనే పూడ్చేద్దామనిపించింది. నా ఫోన్లోంచి ఆమె నంబరు చూసి, నేనే టైపు చేసి పంపాను. నిమిషాలు ఎంత సాగగలవో అప్పుడు తెలిసింది. మరిది పెదవుల రంగు మారుతోంది. మా ఆయన అతని చెయ్యి పట్టుకుని "ఒరే, ఒరే" అంటున్నారు.

జవాబొచ్చింది. నేను పైకి చదివాను.

భార్యతో మాట్లాడాం. ఇతనికి నిరుడు సెలవులో విజయవాడలో గుండెకి స్టెంట్ వేశారు. నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఎప్పుడూ దగ్గరే ఉంచుకుంటాడు. చిన్న సీసా. 'వక్కపొడి' డబ్బాలో ఉంటుందట. ఒకటి వెంటనే నాలుక కింద పెట్టండి, లేవనివ్వకండి.

వక్కపొడి! దాన్ని ఆవిడ ఒక్కో అక్షరం చెబితే, అదేమిటో జన్మలో ఎరగని మనిషి ఒక్కో అక్షరం టైపు చేసి, ఆకాశం మీదుగా మా గుంటలోకి పంపాడు.

మరిది చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. అడ్డుకోలేదు. మూత తీస్తే పైన వక్కపొడి ఒక పొర, దానికింద పొట్లం చుట్టిన గాజు సీసా. మాత్ర నాలుక కింద పెట్టాను. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి కారాయి.

"స్టెంటా?" అన్నారు మా ఆయన. ఇసుకలో కూలబడిపోయారు. "నాకు చెప్పలేదేరా? నాకు?"

"చెబితే... మీరు నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళరు కదండి అన్నయ్యగారూ," అన్నాడు. "పార కూడా పట్టుకోనివ్వరు."

ముందు రెండు పెద్ద జీపులు వచ్చాయి, వాటి వెనక అంబులెన్సు. ఒక జీపు తాడేసి మా కారుని లాగింది. అంబులెన్సు వెనకే మేమూ ఆసుపత్రికి వచ్చాం. మూతబడ్డ నాళాన్ని తెరిచారు, ప్రాణానికి భయం లేదన్నారు.

నర్సు బట్టల్లోనే వచ్చింది అతని భార్య. నన్ను చూసి ఏడవలేదు, మండిపడింది.

"అక్కా, ఎన్నిసార్లు మీకు చెబుదామనుకున్నానో! పిల్లల మీద ఒట్టేయించుకున్నాడండి. మరి ఇవాళ ఎక్కడికని చెప్పాడో తెలుసా నాకు? మీ ఇంట్లో భోజనానికని! డబ్బా దగ్గరుందా అని అడిగి మరీ పంపాను. మీ ఇల్లే కదా అనుకున్నానక్కా!"

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మా ఇంటి పేరు చెప్పి ఒక మనిషి చావుదాకా వెళ్ళొచ్చాడు, మా ఇల్లు అంత భద్రమైన అబద్ధమని నాకు అంతవరకు తెలియదు.

ఇంటికి వస్తున్నాం. ఎండ వాలుతోంది. వెనక సీట్లో ఆ ఉసిరికాయంత ఫగా దొర్లుతోంది.

"ఇంటికెళ్ళగానే ఆ దిక్కుమాలిన శాటిలైట్ డబ్బాలో నా నంబరు పెట్టండి."

"పెట్టేశా. ఆసుపత్రిలో కూర్చున్నప్పుడే."

అంత తొందరగా ఒప్పుకున్న మా ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. ఎర్రలైటు దగ్గర కారు ఆగింది. ఆయన రోడ్డువైపే చూస్తూ అన్నారు:

"ఇంకోటి. పోయిన వేసవి నుంచీ షుగరు మాత్ర వేసుకుంటున్నాను."

"ఎక్కడ దాచారు?"

"ఆఫీసు డ్రాయర్లో ఉంటాయి."

"పొద్దున్న రెండు పూతరేకులు తిన్నారు!"

"నువ్వు పెట్టావు కదా," అన్నారు. "తినకపోతే ఎందుకని అడుగుతావు."

నోరు తెరిచాను. లైటు ఆకుపచ్చగా మారింది. వెనకవాడు హారను కొట్టాడు, ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. ఆయన నా మాట కోసం చూస్తూ అలాగే కూర్చున్నారు.