అక్షింతలు పడ్డ పిస్టలు

ఆ రోజుల్లో నన్ను ఒక్కచోట కూచోబెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఇప్పుడంటే సోఫాలోంచి లేవాలంటే ముందు మోకాళ్ళ అనుమతి తీసుకోవాల్సి వస్తోంది గానీ, తొంభైల్లో చోడవరంలో కొత్త ఎస్సైగా చేరినప్పుడు కుర్చీ నన్ను కుట్టేది. టీ అయినా నిలబడే తాగేవాణ్ణి. ఎవరైనా ఫిర్యాదు చెప్తుంటే మాటకొకసారి గుమ్మం దాకా వెళ్ళొచ్చేవాణ్ణి. "ఈ బాబు కాళ్ళకి సక్రాలున్నాయేటి!" అనేవాడు మా జీపు డ్రైవరు (వయసులో పెద్దవాడు, నేను బాబాయీ అని పిలిచేవాణ్ణి). అంత ఉరకలేసే మనిషికి చోడవరంలో దొరికేదేమిటి? గట్టు తగాదాలు, కోళ్ళ దొంగతనాలు, సంత రోజున తాగి రోడ్డుకి అడ్డంగా పడుకున్నవాళ్ళు. నా మనసంతా ఏజెన్సీ కొండల మీద ఉండేది. అక్కడ నక్సలైట్ల కోసం తిరగడానికి స్పెషల్ పార్టీ కడుతున్నారని, కుర్ర ఎస్సైలని ఎంచుకుంటారని విన్నప్పట్నించీ నాకు తిండి సహించలేదు.

ఆ ఆత్రమంతా నా పిస్టలు మీద పడింది. చుట్టుపక్కల ఎస్సైలందరికీ పాత రివాల్వర్లు, నాకు మాత్రం పిస్టలు. అబ్బో, ఏం చూసుకునేవాణ్ణో! రోజూ విప్పేవాణ్ణి. గుళ్ళుండే మేగజైను తీసి, లోపల గుండు లేదని కంటితో చూసి వేలితో తడిమి, గొట్టం మీద ముందుకీ వెనక్కీ జారే స్లైడు ఊడదీసి, గొట్టంలో బ్రష్షు తోసి, గుడ్డ పేలికతో మసి తుడిచి, నూనె రాసేవాణ్ణి. ట్రైనింగులో ఉస్తాదు చిలక్కి చెప్పినట్టు చెప్పేడు, "నూనె వేలికి తెలియాలి, కంటికి కనపడకూడదు. స్లైడు జారే చోట చుక్క రాసి, ఎక్కువైంది తుడిచెయ్యాలి" అని. రాయడం వరకూ బాగానే ఉండేది. తుడవడానికి నాకు ఓపికేదీ? రాసేవాణ్ణి, చాల్లేదనిపించేది, మళ్ళీ రాసేవాణ్ణి. సర్కారు వారి డబ్బా అయిపోతే అమ్మ కుట్టుమిషను నూనె. నా ఖాకీ చొక్కాకి నడుం దగ్గర ఆరని మరక ఒకటుండేది. ఆ మరక చూసుకుని కూడా మురిసిపోయేవాణ్ణి, అదీ మన తెలివి.

అమ్మది కె.కోటపాడు పక్కన పల్లె. నాకు వండిపెట్టడానికని వచ్చి క్వార్టర్సులో ఉండేది. ఏజెన్సీ మాటెత్తితే చాలు, చేతిలో గరిటె అక్కడ పడేసేది. ఆ ఏడు నవమి నాడు ఆయుధ పూజకి కూచుని, "కత్తిపీటకీ, రోకలికీ, మిషనుకీ బొట్టెట్టి నీ తుపాకీకి ఎట్టకపోతే అమ్మోరు ఊరుకుంటాదేట్రా?" అంది. సరే కదా అని గుళ్ళు, మేగజైను బీరువాలో పెట్టి తాళం వేసి, ఖాళీ అని తెలిసేలా స్లైడు వెనక్కి లాగి, నోరు తెరిచినట్టున్న పిస్టల్ని పీట మీద పెట్టేను. అమ్మ దానికి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, బంతిపువ్వు తగిలించింది, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ గుప్పెడు అక్షింతలు చల్లింది. (మిగతావాటికి చిటికెడే. నేనప్పుడు గమనించలేదు.) "పూజలో ఎట్టినవి రేపు నాను ఉద్వాసన సెప్పేదాకా ఎవులూ ముట్టకూడదు," అని కూడా చెప్పింది.

మధ్యాహ్నం స్టేషన్ నుంచి కబురు. మర్నాడు దశమి పొద్దున్నే ఫైరింగు, ఎస్పీ గారే వస్తున్నారు, బాగా కొట్టినవాళ్ళని స్పెషల్ పార్టీకి తీసుకుంటారు! నాకింక కాలు నిలవలేదు. నూనెలో నానిన పిస్టలు మీద కుంకుమ కనిపిస్తూనే ఉంది. "అమ్మా, ఒక్కసారి తుడిచి అలాగే పెట్టేస్తాను." "సెయ్యేసేవంటే సూడు!" పెరట్లోకి వెళ్ళేను, వీధిలోకి వచ్చేను, మళ్ళీ దేవుడి గదిలోకి తొంగిచూసేను. కాలుగాలిన పిల్లికి కూడా నా అంత పనుండదు.

మర్నాడు పొద్దున్న బయట జీపు హారను మోగుతోంది. అమ్మ తీరుబడిగా తలస్నానం చేసింది. ముగ్గేసింది. పొంగలి పొయ్యి మీద పెట్టింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, తొరగా కానియ్యే!" "అమ్మోరికి ఎస్పీ గారేటి, ఇంకోలేటి, ఉండు!" ఉద్వాసన అయ్యేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ. పిస్టలు లాక్కుని, స్లైడు టక్కున మూసి, జీపులో చేతిరుమాలుతో పైపైన తుడిచేను. అది తళతళ మెరిసింది. నేనూ మెరిసేను.

ఫైరింగు రేంజిలో నా వంతొచ్చింది. మేగజైను ఎక్కించి, స్లైడు లాగి వదిలేను. అది ముందుకి రావడం వచ్చింది గానీ చివర్లో మొరాయించింది. ట్రిగ్గరు నొక్కితే ఉలకదు, పలకదు. అరచేత్తో వెనకనుంచి నెట్టి మళ్ళీ నొక్కేను. పేలింది! ఖాళీ తూటా బయటికి రాలేక అడ్డంగా ఇరుక్కుంది. పక్కవాళ్ళ తుపాకులు టపటపా పేలుతుంటే నేను దానితో కుస్తీ పడుతున్నాను.

"ఆపు. గుళ్ళు తీసి ఇక్కడే విప్పు," అన్నారు ఎస్పీ గారు వెనకనుంచి. నేల మీద చతికిలబడి విప్పేను. లోపల నూనె, కుంకుమ కలిసి ఎర్రటి ముద్ద. ఆ ముద్దలోంచి పసుపుపచ్చ బియ్యం గింజలు రాలేయి. ఎస్పీ గారు ఒక గింజ గోటితో తీసి వెలుగులో చూసేరు.

"పిస్టలుకి పెళ్ళి చేశావా?"

"ఆయుధ పూజ సార్. మా అమ్మ..."

"అమ్మగారు గింజలు వేసినా రాలిపోయేవయ్యా. అవి అతుక్కునేంత నూనె పోసిందెవరు?"

నేను నడుం దగ్గర మరకని చేత్తో కప్పుకున్నాను. డ్రైవరు బాబాయి అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. "కొండల్లో ఇలా మొరాయిస్తే మళ్ళీ విప్పడానికి నువ్వుండవు. ముందు నిలకడగా తుడవడం నేర్చుకో," అని ఎస్పీ గారు ముందుకెళ్ళిపోయేరు. స్పెషల్ పార్టీ నాకు అందకుండా పోయింది. 'అక్షింతల ఎస్సై' అన్న పేరు మాత్రం నాకంటే ముందే రావికమతం దాకా వెళ్ళిపోయింది.

ముఖం మాడ్చుకుని ఇంటికొస్తే, పళ్ళెంలో మాడుగుల హల్వా పెట్టి ఉంది. పొద్దున్నే తెప్పించి ఉంచిందట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నిన్న ఏటి మొక్కేవమ్మా?"

"ఏటి మొక్కుతాన్రా... ఇది పేలకుండా సూడు తల్లీ, నా గుంటడు నా కళ్ళముందే ఉంటాడు అని మొక్కేను. తిను."

తినలేదు. చాలా రోజులు మాట్లాడలేదు కూడా. చెరుకు బళ్ళ సీజనొచ్చి, రోడ్డు మీద బళ్ళు విడదీస్తూ దుమ్ము తింటున్నప్పుడు ఆవిడ మీద కోపం ఇంకా పెరిగింది. ఆ పార్టీలోకి వెళ్ళిన నా ఈడు కుర్రాడొకడు తిరిగి రాలేదని తెలిసిన రోజున, ఇంటికెళ్ళి ఆవిడ పక్కన కూచుని అన్నం తిన్నాను. ఆవిడ మారు వడ్డించింది. తర్వాత సర్వీసంతా చుక్క రాసి తుడవడం మానలేదు. పిస్టలు మళ్ళీ రేంజిలో మొరాయించలేదు, మనిషి మీద పేల్చాల్సిన అవసరమూ రాలేదు.

ఇప్పుడు నా దగ్గర ఆయుధమంటే చేతికర్రే. నవమి నాడు మా ఆవిడ దానికి బొట్టు పెట్టి, నవ్వుతూ నాలుగు అక్షింతలు వేస్తుంది. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా నేను దాన్ని ముట్టుకోను. కర్ర లేకపోతే ఎక్కడికీ వెళ్ళలేను గనక, కుర్చీలో కదలకుండా కూచుంటాను. అమ్మ చూస్తే నమ్మేది కాదు.