మైసయ్య మిషిన్, ఎల్లయ్య కొట్టం

కిషన్‌బాగ్‌లో పాల ఎల్లయ్య కొట్టంలో ఐదు గుంజలు ఉండేవి. నాలుగు గుంజలకు నాలుగు బర్రెలు. ఐదో గుంజ దగ్గర ఇనుము కోసే ఒక మిల్లింగ్ మిషిన్. ఆ ఇంట్లో మూడేళ్ళు నడిచిన తగాదాకు మూలం అదే.

మిషిన్ ఎల్లయ్య కొడుకు మైసయ్యది. అతను రోజూ పొద్దున ఫలక్‌నుమా దిగువన ఒక నవాబు గారి దేవిడీలో పాలు పోసి వచ్చేవాడు. ఆ దేవిడీ నవాబు గారికి బొమ్మ రైలింజన్లు చేసే సరదా పుట్టి, ఇంగ్లండు నుంచి ఈ మిషిన్‌ను తెప్పించుకున్నారు. ఏడాది దూడంత ఉంటుంది. కుట్టు మిషిన్ లాగా కాలితో తొక్కాలి. పాలు పోసి మళ్ళాల్సిన మనిషి దాని దగ్గరే నిలబడిపోయేవాడు. మొదట దుమ్ము తుడిచాడు. తర్వాత నూనె పెట్టాడు. ఆ తర్వాత నవాబు గారు చెడగొట్టిన పనులను సరిచేయడం మొదలుపెట్టాడు. నేర్పిన వాళ్ళెవరూ లేరు. రెండు వేళ్ళ మీద మచ్చలు పడేసరికి పని పట్టుబడింది.

కొన్నాళ్ళకు నవాబు గారి సరదా రైళ్ళ మీద నుంచి పావురాల మీదికి మళ్ళింది. పావురాల గూళ్ళకు మిషిన్ గది కావలసి వచ్చింది. "అరే దూద్‌వాలే, ఇసే లే జా" అని తీసుకుపొమ్మన్నారు. మైసయ్య రెండోసారి అనిపించుకోలేదు. ఎడ్లబండిలో వేసి, పైన గడ్డి కప్పి ఇంటికి తెచ్చాడు. గడ్డి కప్పింది దొంగల భయంతో కాదు, తండ్రి భయంతో.

ఎల్లయ్యకు నోట్లో ఒక్క పన్ను లేదు. మాటకు మాత్రం పదును తగ్గలేదు. మిషిన్ చుట్టూ ఒకసారి తిరిగి అడిగాడు.

"ఇది ఏం తింటది?"

"ఏం తినది బాపు."

"ఏం ఇస్తది?"

మైసయ్య మిషిన్ మీద మిగిలిన గడ్డిపోచలు ఏరసాగాడు.

"తినది, ఇయ్యది. మరి గుంజ కాడ దీనికేం పని?"

మూడేళ్ళలో ఆ మిషిన్ మీద మైసయ్య చేసినవి: బర్రె మెడ గంటకు నాలుక, పక్కింటి బుచ్చమ్మ పాన్‌దాన్ మూతకు కీలు, ఎందుకు చేశాడో తనకే తెలియని బుల్లి ఇత్తడి చక్రాలు ఓ డబ్బా నిండా. పని పట్టుకుని బయటి మనిషి ఒక్కడు రాలేదు.

యుద్ధం నడుస్తున్న రోజులు. 1943 ఆగస్టులో ఎల్లయ్య సంతలో ఒక బర్రెను కొన్నాడు. కొట్టంలో చోటు లేక బయట వేపచెట్టుకు కట్టేశాడు. వాన పడినప్పుడల్లా అది ఇంటి వైపు చూసి అరిచేది. రెండు రోజులు ఆ అరుపు విని ఎల్లయ్య కొడుకును పిలిచాడు.

"ఎనిమిది రోజులు చూస్త. ఈ లోపల బయటోడు ఒకడు పని తేవాలె, పనైనంక నవ్వుకుంట పోవాలె. లేకుంటె మిషిన్ బయటికి, బర్రె లోపటికి. నువ్వు ఇనుము ముట్టుడు బంద్ చేసి పాల క్యాన్లు ఎత్తుకో."

మైసయ్య భార్య కొమురమ్మ ఏదో అనబోయింది. ఎల్లయ్య చెయ్యి ఎత్తాడు. మాట అయిపోయింది.

మూడో రోజు వెంకటనారాయణ వచ్చాడు. మాదన్నపేటలో కిరాణా వ్యాపారి. దుకాణం వెనక సేమియాలు తీసే యంత్రం ఉంది. రంజాన్‌కు సగం పాతబస్తీ ఆయన సేమియాలే తింటుంది. యంత్రంలో పళ్ళచక్రం ఒకటి విరిగింది. బయటి దేశం నుంచి సామాను రావడం లేదు. పెద్ద కార్ఖానాలన్నీ యుద్ధం పనుల్లో ఉన్నాయి. ఆయన బీడు ఇనుముతో కొత్త చక్రాన్ని పోత పోయించి తెచ్చాడు. జానెడు వెడల్పు. అంచు మాత్రం నున్నగా ఉంది, పళ్ళు లేవు.

"ముప్పై ఆరు పళ్ళు కొయ్యాలె మైసయ్యా. నెలవంక ఇంకా పదిరోజులే. అయితదా?"

మైసయ్య విరిగిన చక్రాన్ని చేతిలో తిప్పి చూశాడు. పంటికీ పంటికీ మధ్య సందులో బొటనవేలు దూరుతుంది. మిషిన్ ఇరుసుకు తొడిగి ఇనుమును కోసే కట్టర్లలో తన దగ్గరున్న పెద్దది రూపాయి బిళ్ళంత. అయినా "అయితది సేటూ" అన్నాడు. వెనక ఎల్లయ్య దగ్గాడు.

అంత పెద్ద కట్టర్ ఊళ్ళో ఒక్కచోట ఉన్నట్టు మైసయ్యకు తెలుసు. బాలనర్సింహ సైకిల్ దుకాణంలో, గోడకు మేకు కొట్టి వేలాడదీసి ఉండేది. అరచెయ్యంత వెడల్పు, చుట్టూ పద్దెనిమిది పళ్ళు. బాలనర్సింహ ఒకప్పుడు పెద్ద కార్ఖానాలో ఆరు నెలలు పనిచేశాడు. ఆ ఆరు నెలల గురించి పన్నెండేళ్ళుగా మాట్లాడుతున్నాడు. కట్టర్‌తో ఎన్నడూ ఏదీ కోయలేదు. దానికి ఏటా దసరాకు కుంకుమ పెట్టేవాడు.

"ఇస్త మైసన్నా, ఎందుకియ్య? గని ఒక్క షరతు. కట్టర్ నాది, మాట నాది. నేను చెప్పినట్టు నడపాలె."

"ఎట్ల నడపాలె?"

"జోరుగ. జోరు ఉంటె వెన్నలెక్క తెగుతది భాయ్. మా కార్ఖానల..."

మైసయ్యకు ఆ మాట నచ్చలేదు. కట్టర్ పెద్దదయ్యేకొద్దీ దాని అంచు ఇరుసుకు దూరం జరుగుతుంది. అంత దూరాన పంటికి తగిలిన దెబ్బ ఇరుసును మెలిపెడుతుంది. ఇరుసు అదే వేగంతో తిరిగినా పెద్ద కట్టర్ అంచు ఎక్కువ దూరం పరుగెత్తాలి, పళ్ళు కాలిపోతాయి. చిన్న మిషిన్ మీద పెద్ద కట్టర్‌ను మెల్లగా తిప్పాలి, కొంచెం కొంచెం కోయాలి. ఇవన్నీ మైసయ్యకు తెలుసు. కానీ కట్టర్ అవతలివాడిది.

ఇంకో చిక్కు. కట్టర్ నడుమ చిల్లి పెద్దది, మిషిన్ ఇరుసు సన్నం. సందు నిండేటట్టు మైసయ్య కిరసనాయిలు డబ్బా రేకును కత్తిరించి ఇరుసుకు చుట్టాడు. కట్టర్ బిగుతుగా కూర్చుంది. పళ్ళు సమానంగా రావడానికి విరిగిన పాత చక్రాన్ని కొత్తదాని పక్కనే ఒకే కడ్డీకి ఎక్కించాడు. పాత చక్రం సందులో చీల పడితే ఒక పన్ను లెక్క. చీల ఎత్తి మరో సందులో వేస్తే ఇంకో పన్ను. పళ్ళు విరిగిన చోటు చీల కిందికి వచ్చినప్పుడు ఎదురువైపు రెండో చీల వాడుకునేలా ఏర్పాటు చేశాడు. అది చూసి బాలనర్సింహ "మా కార్ఖానల గిట్ల చెయ్యరు" అన్నాడు. ఎట్ల చేస్తారో చెప్పలేదు.

ఐదో రోజు పొద్దున మొదలుపెట్టారు.

"జోరుగ మైసన్నా, ఇంకా జోరుగ!"

మైసయ్య జోరుగా తొక్కాడు. కట్టర్ చక్రాన్ని ముట్టింది. ముట్టగానే మిషిన్ ఒక్కసారి ఎగిరి జానెడు జరిగింది. మళ్ళీ ముట్టింది, మళ్ళీ జరిగింది. ఇరుసును తిప్పే తోలు పట్టా ఊడి మొదటి గుంజ బర్రె మూతికి తగిలింది. అది తన్నితే పాల క్యాన్ దొర్లింది. మిగతా మూడు బర్రెలూ పలుపులు తెంపుకునేటట్టు గుంజాయి. గోడ అవతల నుంచి బుచ్చమ్మ అరిచింది.

"ఏంది లొల్లి? ఎవన్ని కోస్తున్నరు?"

"సేమియాలు బుచ్చక్కా!" అని కొమురమ్మ ఇటు నుంచి అరిచింది.

దుమ్ము అణిగాక చూస్తే బాలనర్సింహ గడ్డివాము వెనక ఉన్నాడు, రెండు చెవులూ మూసుకుని. చక్రం మీద ఎలుక కొరికినట్టు ఒక గాటు. అదృష్టం కొద్దీ లోతుగా పడలేదు. మైసయ్య కట్టర్ పళ్ళను వేలితో తడిమి చూసి, "మాట నీదే అన్నవు. ఇప్పుడు ఎవరిది?" అని అడిగాడు. బాలనర్సింహ గడ్డి దులుపుకున్నాడు.

ఆ రోజంతా మైసయ్య తన పద్ధతికి మార్చాడు. ఇరుసుకు పెద్ద చెక్కచక్రం బిగించి పట్టా దాని మీదుగా వేశాడు. తొక్కుడు పది అయితే కట్టర్ తిరుగుడు మూడు. నాలుగు క్యాన్లలో ఇసుక నింపి మిషిన్ కాళ్ళ మీద పెట్టాడు. ఆరో రోజు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మిషిన్ జరగలేదు. కానీ కోత నున్నగా రాలేదు. మెట్లు మెట్లుగా వచ్చింది. పంటి మీద అలాంటి మెట్లుంటే నెల తిరగకముందే చక్రం అరిగిపోతుంది. మైసయ్య కోత తగ్గించాడు, మెట్లు తగ్గలేదు. ఇంకా మెల్లగా తొక్కాడు, మెట్లు తగ్గలేదు.

"దీనికి ఇంతే తాకతు మైసన్నా. చిన్న మిషిన్, పెద్ద కట్టర్. మా కార్ఖానల అయితే..."

ఎల్లయ్య అప్పుడు కొట్టం గడపలో కూర్చుని కొత్త బర్రెకు పలుపు పేనుతున్నాడు. ఇంకా రెండు రోజులు ఓపిక పడితే చాలు, కొడుకు తిరిగి పాలలోకి వస్తాడు. పలుపు కూడా సగానికి పైగా అయింది. కానీ చెయ్యి ఆగిపోయింది. తల పక్కకు వంచి వింటున్నాడు.

"ఓరి మైసా, ఇది ఏ కాలు కుంటుతున్నది?"

"ఏంది బాపు?"

"కుంటుతున్నది రా! దక్కు అంటది, మళ్ళ ఏం అనది. తిరిగొచ్చి దక్కు అంటది. నలభై ఏండ్లు బర్రెల నడక ఇన్న, నాకు ఎర్కలేదా? ఒక్క కాలు మీదనే బరువంత వేస్తున్నది."

"ఇనుము కుంటుడేందయ్యా..." అని బాలనర్సింహ నవ్వాడు.

"నువ్వు నోరు మూసుకో. నాకు ఇనవడ్తలేదు."

మైసయ్య తొక్కడం ఆపాడు. సుద్దముక్క తీసి, కదలకుండా కట్టర్ అంచుకు దగ్గరగా పట్టుకుని, రెండో చేత్తో కట్టర్‌ను మెల్లగా తిప్పాడు. పద్దెనిమిది పళ్ళలో ఐదింటికే సుద్ద అంటింది. మిగతా పదమూడూ చక్రాన్ని ముట్టనే లేదు. ఐదు పళ్ళే పద్దెనిమిది పళ్ళ పని చేస్తున్నాయి. కట్టర్ విప్పి చూస్తే కారణం కనిపించింది. ఇరుసుకు చుట్టిన రేకు ఒకచోట ఒకదాని మీద ఒకటి ఎక్కింది. ఆ వైపు వెంట్రుకంత ఎత్తు. చిన్న కట్టర్‌తో పనైతే మిషిన్ ఎలాగో లాక్కుపోయేది. ఇంత పెద్దదాని దగ్గర వెంట్రుక కూడా దాగలేదు.

రేకు పనికిరాదు. మందమైన ఇత్తడి ముక్క నుంచి గొట్టంలాంటి బుష్ చేసి ఇరుసుకు తొడగాలి. ఇత్తడి కోసం మైసయ్య డబ్బాలో వెతికాడు. అన్నీ బుల్లి చక్రాలే. కొమురమ్మ లోపలికి పోయి ఒక ఇత్తడి రోకలి తెచ్చింది. మామ ఆకూవక్కా దంచుకునేది. ఎల్లయ్య దాన్ని చూశాడు, కోడలిని చూశాడు.

"మామా, కుంటుతున్నదని చెప్పింది మీరే కద?"

ఎల్లయ్య పలుపు పక్కన పెట్టాడు. "కానియ్" అన్నాడు.

మైసయ్య రోకలి అడుగు కోసి, నడుమ తొలిచి, అదే ఇరుసుకు బిగించి, అక్కడే తిప్పుతూ పైభాగాన్ని సాపు చేశాడు. ఏ ఇరుసు మీద పనిచేయాలో ఆ ఇరుసు మీదే తయారైంది కాబట్టి వంకకు చోటు లేదు. కట్టర్ ఎక్కించి సుద్ద పట్టాడు. పద్దెనిమిది పళ్ళూ తెల్లబడ్డాయి.

ఏడో రోజు పొద్దున కొమురమ్మ తొక్కింది, మైసయ్య పిడి తిప్పాడు, ఎల్లయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక్కో సందుకు ఏడు కోతలు. చప్పుడు బర్రె మేత నమిలినట్టు ఒకే తీరుగా వచ్చింది. ఎక్కడైనా తేడా వస్తే ముసలాయన చెయ్యి ఎత్తేవాడు. మైసయ్య ఆపి, రాలిన బీడు పొడి ఊడ్చి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. మొన్నటి గాటు మూడో సందులో కలిసిపోయింది. బాలనర్సింహ రెండుసార్లు కార్ఖానా సంగతి ఎత్తాడు. రెండోసారికి ఎల్లయ్య అతన్ని బయటికి పంపి, వేపచెట్టు కింద బర్రెకు గడ్డి వేయమన్నాడు. ఆ సాయంత్రానికి పంతొమ్మిది పళ్ళు, మర్నాడు మధ్యాహ్నానికి మిగతావి. చివరి సందు మొదటి పంటికి సరిగ్గా ఆనుకుని వచ్చింది.

వెంకటనారాయణ మాదన్నపేటలో చక్రం బిగించి, పొద్దు వాలకముందే తిరిగి వచ్చాడు. చేతిలో సేమియాల పొట్లం. "నడుస్తున్నట్టే తెలుస్తలేదు" అని ఆపకుండా నవ్వుతూ పోయాడు.

ఎనిమిదో రోజు ఇంకా అయిపోలేదు. ఎల్లయ్య లేచి వేపచెట్టు దగ్గరికి పోయి బర్రెను విప్పాడు. కొట్టం వైపు వస్తుంటే కొమురమ్మ మిషిన్‌కు అడ్డంగా నిలబడింది. ముసలాయన కొట్టం దాటిపోయాడు. తన మంచం వేసుకునే వసారాలో బర్రెను కట్టేశాడు. మంచాన్ని ఈడ్చుకుంటూ వచ్చి కొట్టంలో, మిషిన్ పక్కన వేశాడు.

నెల తిరగకుండా టాంగా నడిపే మొగులయ్య వచ్చాడు. బండి ఇరుసు భుజాన పెట్టుకుని, అది ఎట్ల వంగిందో, ఎవరు గుద్దారో, గుర్రం ఏమన్నదో చెప్పడం మొదలుపెట్టాడు. మైసయ్య ఇంకా చెయ్యి కడుక్కుంటున్నాడు. మంచం మీద నుంచి ఎల్లయ్య అడ్డం వచ్చాడు.

"ఇరుసు అక్కడ పెట్టు. ఎల్లుండి రా."

"అది కాదు తాతా, సంగతేందంటె..."

"సంగతి నువ్వు తీస్కపో. ఇరుసు పెట్టి పో."