సుభద్రమ్మ ఆ పని చెయ్యదు

కంకిపాడులో పన్నెండేళ్ళు తెలుగు టీచరుగా పనిచేసిన స్టెల్లా, తొమ్మిదేళ్ళుగా ఒక డైలీ సీరియల్‌కు మాటలు రాస్తోంది. చర్చిలో క్రిస్మస్‌కు ఆమె వేయించిన నాటిక చూసి, ఒక దర్శకుడు పిలిచి రాయమన్నాడు. ఇంట్లోనే కాగితం మీద రాసి, ఫోన్లో ఫోటో తీసి హైదరాబాదుకు పంపుతుంది. ఈ తొమ్మిదేళ్ళలో దర్శకులు నలుగురు మారారు. కోడలి వేషానికి ముగ్గురమ్మాయిలు మారారు. అత్తగారు సుభద్రమ్మ ఎలాంటి మనిషో మొదట్నుంచీ తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు: రాసే స్టెల్లా, ఆ వేషం వేసే కనకలక్ష్మి.

ఆ సోమవారం పొద్దున్నే నిర్మాత వెంకటకృష్ణారావు ఫోన్ చేశాడు.

“రేటింగ్ పడిపోయిందమ్మా. సుభద్రమ్మ కోడలి పాలల్లో విషం కలుపుతుంది. రెండింటికి షూటింగు. పన్నెండుకల్లా సీను పంపించండి.”

“ఆవిడ ఆ పని చెయ్యదండీ. కోడలికి డెంగ్యూ వస్తే పది రోజులు మంచం పక్కనుంచి లేవని మనిషి.”

“అదెప్పుడో మూడేళ్ళ కిందట! జనానికి గుర్తుంటుందా? మీవల్ల కాదంటే చెప్పండి, రాసేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది.”

ఫోన్ పెట్టేశాడు.

స్టెల్లా రాయడానికి కూర్చుంది. సుభద్రమ్మ సీసా మూత తీసేదాకా రాసి కొట్టేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ కొట్టేసింది. పదకొండైంది. అసలీ మనిషికి కోడలి మీద కోపం ఉంటే, అది దేనికై ఉంటుంది? ఆ ప్రశ్న దగ్గర కలం కదిలింది. ఈసారి సీసా లేదు. సుభద్రమ్మ కోడలి ఎదుట నిలబడి, “నువ్వీ ఇంటికొచ్చి ఏడేళ్ళు. అత్తయ్యా, తిన్నారా అని ఒక్కరోజన్నా అడిగావా?” అంటుంది. కోడలి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా పంపేసింది.

రెండైనా జవాబు లేదు. తను ఫోన్ చేస్తే నిర్మాత ఎత్తలేదు. అన్నం వడ్డించుకుని కూడా తినలేకపోయింది. మూడున్నరకు కనకలక్ష్మి చేసింది.

“పెద్ద గొడవైంది స్టెల్లా. ఇంకెవరిచేతో విషం సీను రాయించి తెచ్చారు. నేను చెయ్యనన్నాను. రేపు బజార్లో ఆడవాళ్ళు ఆపి, ఎందుకు కలిపావమ్మా అనడిగితే ఏం చెప్పమంటారు అన్నాను. చివరికి నీదే తీశారు. ఒకటే టేకు.”

“కోడలమ్మాయి ఎలా చేసింది?”

“ఏడవడానికి గ్లిజరిన్ అడగలేదు.”

స్టెల్లా ఫోన్ పెట్టేసి, వడ్డించుకున్న అన్నం ముందుకు లాక్కుంది.

ఆ వారం రేటింగ్ కాస్త పెరిగింది. వెంకటకృష్ణారావు మెచ్చుకోలేదు. తర్వాతి సోమవారం ఫోన్ చేసి, కోడల్ని కిడ్నాప్ చేయిస్తే ఎలా ఉంటుందని అడిగాడు.

“ఎవరు చేస్తారో, ఎందుకు చేస్తారో ముందు చెప్పండి,” అంది స్టెల్లా.

“ఆలోచించి చెప్తానమ్మా,” అన్నాడాయన.