గట్టులో గొట్టం

మా మామయ్య ఏటిగట్టు మీద లస్కరు. గట్టు పొడవునా నడుస్తూ ఎలుక బొరియో, పీత కన్నమో కనిపిస్తే మట్టి కూరి మడమతో తొక్కడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మా ఇంటికి చుట్టంచూపుగా వచ్చినా ముందు గోడల కిందే చూసేవాడు. గట్టెక్కిన గేదెల్ని తరమడానికి మెడలో ఈల ఉండేది కాబట్టి, వరస కలిసినా కలవకపోయినా ఊరందరికీ ఆయన ఈలమామే.

అలాంటి మనిషి తన గట్టుకి తనే కన్నం పెట్టాడు.

వానలు మొహం చాటేసిన ఏడు మా అమ్మ వంగతోట మాడిపోతోంది. తోటకీ ఏటికీ మధ్య గట్టే అడ్డం. "ఒరేయ్ తమ్ముడూ, పైనుంచి గొట్టం వేస్తే అధికారుల కళ్ళలో పడుతుంది. గట్టులోంచి తోయించరా. వానలు పడగానే పీకేద్దాం" అంది అమ్మ. ఆయన కుదరదన్నాడు. అమ్మ అన్నం మానేసింది. చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకుని పెంచిన అక్క, ఎన్నాళ్ళని కాదంటాడు? గొట్టం తనే దింపాడు, చుట్టూ బంకమట్టి తనే కూరాడు, పైన గడ్డి కూడా తనే నాటాడు. తోట పచ్చబడింది. మిగిలిన నీళ్ళు పక్క మళ్ళకూ పారాయి. వానలు మొదలయ్యాయి. గొట్టం పీకడం మాత్రం రేపు, ఎల్లుండి అంటూ అక్కా తమ్ముడూ నాన్చారు.

ఆ వానల్లోనే ఏరు పొంగింది. గట్టు సరిగ్గా గొట్టం దగ్గరే తెగింది. మామయ్య ఈల ఊదుతూ వీధులన్నీ పరిగెత్తి, ముసలీ ముతకా అందర్నీ బడి మేడ మీదికి ఎక్కించాడు. ప్రాణాలన్నీ దక్కాయి. నీళ్ళు తీశాక చూస్తే పొలాలు లేవు, ఇసుక మేటలున్నాయి. మా తోట పక్కనే నారుమళ్ళు పోసే పెద్దాయన తన పొలం ఏదో తనే పోల్చుకోలేక గట్టు మీద చతికిలబడ్డాడు.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళం!" అని జనం చేతులు పట్టుకుంటే మామయ్య లాక్కునేవాడు. పొద్దున్నే పార తీసుకుని, ఎవరూ పిలవకుండానే ఎవరో ఒకరి చేలో ఇసుక ఎత్తేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని నాకు ఒళ్ళు మండేది. అమ్మ మీద అంతకన్నా మండేది. ఆవిడ ఇంట్లో కూర్చుని, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతుండేది.

గట్టు ఎందుకు తెగిందో తేల్చడానికి ఇంజనీరు వచ్చి అందర్నీ బడిలో కూర్చోబెట్టాడు. "ఎలుకలు గుల్ల చేసుంటాయి. అంతేగా లస్కరూ?" అన్నాడు.

అవునంటే చాలు, ఉద్యోగం, పేరు, అక్క పరువు అన్నీ నిలిచేవి. మామయ్య కాసేపు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. తర్వాత బయటికెళ్ళి, ఇసుకలో దొరికిన గొట్టం ముక్క తెచ్చి ఇంజనీరు ముందు పెట్టాడు.

"ఎలుకలు కాదు సార్. నేనే."

అమ్మ లేచింది. "వాడొద్దన్నాడు. నేనే అన్నం మానేసి మరీ చేయించాను."

"కంచే చేను మేసిందన్నమాట" అన్నారెవరో వెనకనుంచి. పెద్దాయన లేచి మామయ్య దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఆ నీళ్ళు నా మడికీ వచ్చాయి. అవి ఏటి నీళ్ళేనని నాకు తెలుసు. అడిగితే ఆగిపోతాయని అడగలేదు" అన్నాడు నేల చూస్తూ. ఆ తర్వాత అక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

ఉద్యోగం పోయింది. ఈల ఇంజనీరు తీసుకున్నాడు. మరుసటి ఎండాకాలం మామయ్య బిందెలతో ఏటి నీళ్ళు మోసేవాడు, గట్టు ఎక్కి, దిగి. ముందు పెద్దాయన మడికి, మిగిలితే మాకు. "వద్దురా తమ్ముడూ, ఎండిపోనీ" అని అమ్మ ఏడ్చేది.

ఒకరోజు సాయం చేద్దామని వెంట వెళ్ళాను. గట్టు మీద ఆయన ఉన్నట్టుండి ఆగి బిందె దించాడు. కాళ్ళ దగ్గర పీత కన్నం. తడిమట్టి తెచ్చి కూరాడు, మడమతో గట్టిగా తొక్కాడు. అప్పుడు, ఎవరైనా చూశారేమోనని దొంగలా అటూ ఇటూ చూశాడు.