సగం చదివి రాసిన అభిప్రాయం

పుస్తకం చదివాక దాని గురించి నాలుగు మాటలు రాసుకునే అలవాటు నాకు కాలేజీ రోజుల నుంచీ ఉంది. మొదట్లో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మూడేళ్లుగా ఫోన్‌లో పుస్తకాలు చదివేవాళ్ల గ్రూపు ఒకటి ఉంటే అందులో పెడుతున్నాను. మా ఇల్లు ఉదయగిరిలో, ఉద్యోగం ఆత్మకూరులో. హైస్కూల్లో బయాలజీ చెప్తాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే పోనూ రానూ అరవై పేజీలు అయిపోతాయి.

ఈ ఏడాది బాగానే చదివాను. పల్లెటూళ్లో వైద్యం చేసిన ఒక డాక్టరు తన అనుభవాలు రాసుకున్న పుస్తకం చాలా నచ్చింది. తన తొందరపాటు వల్ల ఒక బాలింత ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఆయన దాచుకోలేదు. రోగం నయం చేసిన కథలకంటే ఆ ఒక్క అధ్యాయమే నాకు గుర్తుండిపోయింది. సిటీ అపార్ట్‌మెంటు మీద వచ్చిన నవల మొదటి వంద పేజీలు కడుపుబ్బ నవ్వించింది. ఆ తర్వాత రచయిత్రికి అందరిమీదా జాలి కలిగినట్టుంది, ఉన్నవాళ్లందరినీ మంచివాళ్లను చేసేసి మేడమీద కలిపి భోజనాలు పెట్టించింది. బోర్ల మీదా చెరువుల మీదా పరిశోధన చేసి రాసిన లావుపాటి పుస్తకంలో భూమిలో నీళ్లు ఎంత లోతుకు పోయాయో ఉంది గానీ, మూడో బోరూ ఎండిపోయిన మనిషి ఇంటికొచ్చి పెళ్లాంతో ఏం చెప్పాడో ఒక్కచోటా లేదు.

ఇట్లా మొహమాటం లేకుండా రాస్తానని గ్రూపులో నాకు పేరు. కొత్త పుస్తకం రాగానే "మేడం ఏమంటారో చూద్దాం" అనేవాళ్లు. ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది. అంత ఇష్టపడకుండా ఉండాల్సింది.

ఎండాకాలం సెలవులకు ముందు గ్రూపు నడిపే ఆయన ఒక నవల పంపించాడు. మన వైపు మనిషే రాశాడు, చదివి చెప్పండి అన్నాడు. వరికుంటపాడు దగ్గర ఒక ఊళ్లో గొర్రెలు మేపుకునే ఆయన రాసిన మొదటి నవల అది. ఆయన చదివింది పదో తరగతి. సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. రెండొందల పది పేజీలు. ఒక తండ్రీ కొడుకూ గొర్రెల మందను తోలుకుని కొండవార ఊళ్లన్నీ తిరుగుతుంటారు. గరిక, తుంగ, బోద, చెంగలి అంటూ గడ్డి పేర్లు వరసగా వస్తాయి. ఏ రోగం ఎట్లా వస్తుందో తండ్రి చెప్తుంటాడు. నేను ఎనభై ఎనిమిదో పేజీ దాకా చదివి మూసేశాను. మూసేసి, అదే వారం అభిప్రాయం రాశాను.

గడ్డి పేర్లూ గొర్రెల రోగాలూ తీసేస్తే ఇందులో కథ ఎంత మిగులుతుందని అడిగాను. పేజీకి నాలుగు అచ్చుతప్పులున్నాయన్నాను. యాస ఎక్కువై మన జిల్లావాళ్లకే తల తిరుగుతోందన్నాను. చివర్లో, ఈ రచయిత జీవాలను ప్రేమించినంతగా పాఠకుణ్ని ప్రేమించలేదు అని ముగించాను. ఆ వాక్యం నాకే ముచ్చటగా అనిపించి రెండుసార్లు చదువుకున్నాను.

గ్రూపులో చప్పట్లే చప్పట్లు. ఒకాయన, "అయితే ఆ కాపీలు గొర్రెలకే వెయ్యండి మేడం, నెమరేసుకుంటాయి" అని పెట్టాడు. దానికింద నవ్వే బొమ్మ పెట్టింది నేను. రచయితను ఆ వారమే గ్రూపులో చేర్చారనీ, ఆయన ఇదంతా చూస్తున్నాడనీ అప్పటికి నాకు తెలియదు. తెలిసుంటే ఆ బొమ్మ పెట్టేదాన్ని కాదు. అభిప్రాయం మాత్రం మార్చేదాన్నో లేదో చెప్పలేను.

స్కూళ్లు తెరిచాక ఒకరోజు అటెండరు వచ్చి, ఎవరో మీకోసం వచ్చినారు మేడం అన్నాడు. వరండాలో బెంచీమీద అరవై ఏళ్ల మనిషి కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, భుజాన గుడ్డసంచీ. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఆ గొర్రెల నవల రాసింది నేనే మేడం. రెండు బస్సులు మారి వచ్చినాను."

కొట్లాడ్డానికి వచ్చాడనుకున్నాను. "కూర్చోండన్నా" అని నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన సంచీలోంచి తన పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. ఏ పేజీ తిప్పినా ఎర్ర పెన్నుతో దిద్దుబాట్లు.

"అచ్చుతప్పులని రాసినారు గదా. కూర్చోని ఎతికితే మీరు చెప్పినదానికన్నా ఎక్కువే ఉండాయి. అవి నా తప్పే, ఒప్పుకుంటాను. కథ లేదన్నారే, అది మాత్రం నాకు తెలియలా. ఏ పేజీ కాడ తప్పిపోయిందో చూపిస్తే రెండోదాంట్లో సరిజేసుకుంటాను."

"రెండోది కూడా రాస్తున్నారా?"

"సగమైంది మేడం. మంద వెంబడి తిరిగిన మా ఆడోళ్ల గురించి. మా అమ్మ నన్ను దావలోనే కన్నది. అయ్యన్నీ ఎవురూ రాయలేదు గదా."

నేను పేజీలు తిరగేస్తున్నట్టు నటించాను. నాకు తెలియని సగం నా చేతుల్లో ఉంది. చివరికి, "మధ్యలో కొంచెం సాగినట్టుందన్నా" అన్నాను.

"మధ్యలో అంటే యాడ మేడం? వాన కాడ నాయన అరస్తాడు గదా, దానికి ముందరా, తర్వాతనా?"

వాన సంగతే నాకు తెలియదు. "తర్వాత" అన్నాను.

ఆయన నా మొహంకేసి కాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "తర్వాత నాయన ఉండడు గదమ్మా" అన్నాడు నెమ్మదిగా. అప్పటిదాకా మేడం అన్నవాడు అప్పుడు అమ్మా అన్నాడు.

అంతలో బెల్లు కొట్టారు. క్లాసుందన్నా అంటూ లేచాను. బయటపడ్డాననే అనుకున్నాను, నిజం చెప్పాలంటే. ఆయన ఆ దిద్దిన కాపీని నా దగ్గరే ఉంచుకోమని చెప్పి వెళ్లిపోయాడు. మంచినీళ్లు కావాలా అని కూడా నేను అడగలేదు.

ఆ ఆదివారం పొద్దున టిఫిన్ చేసి కూర్చుని పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఎనభై ఎనిమిదో పేజీ రాగానే మొదటిసారి ఎందుకు మూశానో తెలిసినట్టనిపించింది. అక్కడ తండ్రీ కొడుకూ ఒక పెద్దరైతు చేలో ఎరువుకోసం మంద కడతారు. పొద్దున రైతు ఇంటావిడ అరుగుమీద నిలబడి, కింద నిలబడ్డ పిల్లవాడి దోసిట్లో మజ్జిగ పైనుంచి పోస్తుంది. నాలుగే లైన్లు. రచయిత ఆమెను తిట్టడు, పిల్లవాణ్ని ఏడిపించడు. చల్లగా ఉంది అనుకుంటాడు వాడు, అంతే.

మా చేలోనూ మందలు కట్టేవాళ్లు. మా అవ్వ అట్లాగే పోసేది. పక్కన మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడింది నేనే. మొదటిసారి ఆ పేజీ దగ్గర నాకు గుర్తొచ్చిందా, గుర్తు రాబోతుంటే పుస్తకం మూసేశానా? విసుగొచ్చి మూశాననే అప్పుడు అనుకున్నాను. ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

మిగతా నూట ఇరవై పేజీలు మధ్యాహ్నానికి అయిపోయాయి. తొలకరి వాన పడ్డాక లేత పచ్చిక తెగమేస్తే గొర్రెలకు చిటుకరోగం వస్తుంది, నిలబడ్డవి నిలబడ్డట్టే పడిపోతాయి. నాలుగు అక్షరాలు నేర్చిన కొడుకు తండ్రి మాట వినక మందను పచ్చటి వాలుకు తోలతాడు. వానలో తండ్రి వాగుకు అవతలి ఒడ్డున నిలబడి ఆ గడ్డి వద్దురా, ఇది వద్దురా అని పేర్లు పెట్టి అరుస్తాడు. కొడుక్కి వినబడదు. మందను అడ్డం తిప్పుదామని వాగులో దిగిన తండ్రి మళ్లీ పైకి రాడు. చివర్లో కొడుకు ఒక్కడే మంద వెనక నడుస్తూ గడ్డి పేర్లు చెప్పుకుంటాడు. ఒక్క పేరు ఎంతకీ గుర్తురాదు, అడగడానికి మనిషి లేడు. నేను తీసేయమన్న పేర్లే ఆ నవల. పిల్లలకు మొక్కల పేర్లు చెప్పి బతికేదాన్ని, నాకది తట్టలేదు.

లోపాలు లేవని కాదు. చివరి ఇరవై పేజీల్లో తొందర ఉంది. కొడుకు నెల్లూరు పోయొచ్చే అధ్యాయం అవసరం లేదు. ఇవి ఆ రోజు బెంచీమీద కూర్చుని చెప్పగలిగి ఉంటే ఆయనకు పనికొచ్చేవి.

గ్రూపులో రెండో అభిప్రాయం రాశాను. మొదటిసారి సగమే చదివానని ఒప్పుకున్నాను. ముగ్గురు మాత్రమే పలికారు. అందులో ఒకరు, "ఏంది మేడం, ఇట్టా మెత్తబడినారు?" అన్నారు. మొదటిది మాత్రం ఎక్కడెక్కడికో పోయింది. చేజర్ల నుంచి మా స్కూలుకు బదిలీ మీద వచ్చిన ఒక టీచరు, జీవాలను ప్రేమించినంతగా పాఠకుణ్ని ప్రేమించలేదన్న మాట ఎవరిదో గానీ భలే ఉందని నాతోనే అంది. నాదేనని చెప్పలేకపోయాను.

పుస్తకం మీదున్న నంబరుకు ఫోన్ చేసి వస్తానంటే ఆ రచయిత "రామ్మా" అన్నాడు. ఊరి చివర రేకుల ఇల్లు, పక్కన గొర్రెల దొడ్డి. ఆయన భార్య కుర్చీ వేసి టీ ఇచ్చింది. నేను తిన్నగా విషయానికి వచ్చేశాను.

"అన్నా, నేను చదవకుండా రాశాను. మీరు వచ్చిన రోజు కూడా అబద్ధం చెప్పాను."

"ఆరోజే తెలిసిందిలేమ్మా."

"మరి ఎందుకు అడగలేదు?"

"చుట్టూరా పిలకాయలు తిరగతా ఉండారు. వాళ్ల ముందర టీచరమ్మని ఎట్ట అడిగేది?"

నవల మొత్తం చదివానని చెప్పాను. వాగు ఘట్టం దగ్గర ఏడ్చానని చెప్పాను. తొందర ఎక్కడుందో కూడా చెప్పాను. ఆయన తల ఊపుతూ శ్రద్ధగా విన్నాడు. రెండో నవల ఎంతవరకు వచ్చిందని అడిగాను.

"ఆపేసినాను."

"పొద్దన్నే లేచి రాసుకునేవాడమ్మా" అంది ఆయన భార్య గుమ్మంలోంచి. "ఇప్పుడు ఆ యాళకు మంద తోలుకోని పోతా ఉండాడు."

"మీ మూలాన కాదులేమ్మా" అన్నాడాయన. "రాద్దామని కూర్చుంటే ప్రతి మాట కాడా చెయ్యి ఆగిపోతా ఉండాది. ఇది ఎవురికి గావాల అనిపిస్తా ఉండాది."

రాసిన సగమైనా చదువుతానని బతిమాలాను. సగం ఉన్నదాన్ని ఎట్లా ఇచ్చేదమ్మా అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం తగలాల్సిన చోట తగిలింది.

ఆ తర్వాత నెలకోసారి ఫోన్ చేస్తున్నాను. ఈసారి వానలు బాగున్నాయనీ, ఈ ఈతలో గొర్రెలకు కవల పిల్లలు ఎక్కువ పుట్టాయనీ ఉత్సాహంగా చెప్తాడు. రాస్తున్నారా అన్నా అంటే, పనుండాదమ్మా, ఉంటాను అని పెట్టేస్తాడు. పోయిన నెల ఆయన మందలో ఉంటే భార్య ఫోన్ ఎత్తింది. రాతకోతల సంగతి ఏమైనా ఎత్తుతున్నాడా అని అడిగాను.

"లేదమ్మా. ఆ నోటుబుక్కులన్నీ గుడ్డలో మూటగట్టి అటకమీద ఎక్కించినాడు. నన్ను కూడా దించనీడు" అంది.