బస్సు కప్పు మీద కాకుల స్నానం

మా మావయ్య బస్సుకి పైకప్పు ఉంది. ఈ విషయంలో ఇంట్లో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. అది ఎందుకుంది అన్న దగ్గరే తేడాలు వచ్చాయి.

మావయ్య ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో బోగీలు బాగుచేసి రిటైరయ్యాడు. ఇక్కడ రిటైరైనవాళ్లు సాధారణంగా గుడి కమిటీలో చేరతారు. ఆయన మాత్రం బడి పిల్లల్ని మోసి మోసి అలిసిపోయిన ఒక మినీ బస్సు కొన్నాడు. సీట్లు పీకించి మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించాడు. గాలి కోసం కప్పు నడిమధ్య ఫ్యాను పట్టేంత కన్నం కోయించాడు. సుభాష్‌పల్లిలో మా రెండిళ్ల మధ్య ఉన్న ఖాళీ జాగాలో దాన్ని నిలబెట్టాడు. వీధిలోవాళ్లు దాన్ని బస్సు అనేవారు. ఆయన కోచ్ అనేవాడు.

ఇదంతా అత్త కోసం. పెళ్లయినప్పటి నుంచి రైల్వే పాసు మీద శ్రీకాకుళం వెళ్లిన ప్రతిసారీ అత్త చిలికా సరస్సుని కిటికీలోంచే చూసింది. రైలు ఏనాడూ ఆమె కోసం ఆగలేదు. గొలుసు లాగడం మావయ్య సిద్ధాంతాలకు విరుద్ధం. ఆ ఒడ్డున కూర్చుని ఒక గ్లాసు టీ తాగాలన్నది ఆమె కోరిక. తీసుకెళ్తానని ఆయన మాటిచ్చాడు.

అత్త తన బొంత తెచ్చి బస్సులో మంచం మీద పరిచింది.

"ఒక పెద్ద వాన ఎలిసేదాకా దీని మీద సుక్క పడకూడదు. పడిందా, నాను రైల్లోనే పోతాను. మీరు మీ డబ్బాలో రండి," అంది.

మొదటి వానకి చుక్క పడలేదు. ధార పడింది. మావయ్య కన్నం చుట్టూ తారు పూశాడు. రెండో వానకి నీళ్లు నల్లగా పడ్డాయి. ఆయన దాన్ని పురోగతి కింద లెక్కేశాడు.

"నీళ్లొచ్చే దారి తెలిసింది కదరా," అన్నాడు.

అప్పుడు నన్ను పనిలోకి పిలిచాడు. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాని, డిగ్రీ ఉన్నవాణ్ని. నిచ్చెన పట్టుకునే బాధ్యత అప్పగించాడు. పాత తారూ, అంతకు ముందెవరో పూసిన సీలెంటు బంకా రేకు కనపడేదాకా గీకేశాం. పాతదాని మీదే కొత్తది పూస్తే అది పాతదాన్ని పట్టుకుంటుంది గానీ రేకుని పట్టుకోదు. కన్నం అంచుకి జిగురు పట్టీ అంటించి, స్క్రూల తలల మీద కూడా సీలెంటు పూసి, బాగా ఆరనిచ్చాం. తరవాత పరీక్ష. ఆయన పైన పైపుతో నీళ్లు కొడుతుంటే నేను లోపల టార్చి పట్టుకుని వెల్లకిలా పడుకున్నాను.

"ఏటిరా, పడతందా?"

"లేదు మావయ్యా."

"సరిగ్గా సూడు."

"పడట్లేదు. పడాలని ఉందా నీకు?"

ఆయన సంతోషించి, వర్క్‌షాపు నుంచి బయటికొచ్చే బోగీల మీద రాసినట్టు, బస్సు పక్కన తెల్లరంగుతో 'మరమ్మతు పూర్తి' అని రాశాడు. మూడో వానకి ఆ రాత నిలిచింది. కప్పు నిలవలేదు.

అత్త బొంత పిండుతూ, "మీ కోచ్‌లో నీళ్ల సదుపాయం బాగుందండి. కుళాయి తిప్పే పని కూడా లేదు," అంది.

పక్కింటి బెంగాలీ పెద్దమనిషి, వాన పడిన ప్రతి మర్నాడూ గోడ మీంచి "జొల్ పొడ్ఛే, దాదా?" అని అడిగేవాడు. నీళ్లు పడుతున్నాయా అని. ఆయన ఉద్దేశం మంచిదే. మావయ్యే గోడ వైపు వెళ్లడం మానేశాడు.

ఇంకో సంగతి. వాన వెలిసిన ప్రతి ఉదయం కాకులు బస్సు మీద స్నానం చేసేవి. మేమిద్దరం కింద నిలబడి, కారడానికి కారణాలు చర్చిస్తూ వాటిని చూసేవాళ్లం. అవి దేంట్లో మునుగుతున్నాయన్న ప్రశ్న ఇద్దరికీ రాలేదు.

బండి నిలబెట్టడంలో మావయ్యది నిష్ఠ. చక్రాల కింద చెక్క పలకలు సర్ది, లోపల నేల మీద రసమట్టం పెట్టి, గాజు గొట్టంలో బుడగ నడిమధ్యకి వచ్చేదాకా ఊపిరి తీసుకునేవాడు కాదు. కోచ్ అన్నాక లెవెల్లో ఉండాలి. ఆ జాగాలో ఆ బస్సంత సమంగా ఉన్న వస్తువు ఇంకోటి లేదు.

ఒక మధ్యాహ్నం కుడి వెనక టైరు పంక్చరై బస్సు ఆ పక్కకి ఒరిగింది. మనిషిని పిలిచేలోపే వాన దిగి, సాయంత్రం దాకా కురిసింది. మావయ్య అరుగు మీద కూర్చుని బస్సునే చూస్తున్నాడు. తడిసిపోవడం కంటే ఒరిగిపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

వెలిశాక అత్త లోపలికెళ్లి బొంత నాలుగు మూలలూ తడిమింది. వాసన చూసింది.

"పొడిగా ఉంది," అంది, ఫిర్యాదు చేస్తున్నట్టు.

కాకులు వచ్చాయి. కప్పు మీద అటూ ఇటూ నడిచి, ఒకదాని మొహం ఒకటి చూసుకుని వెళ్లిపోయాయి. మావయ్య వాటిని చూశాడు. నిచ్చెన తెమ్మన్నాడు.

ఏళ్ల తరబడి బడి పిల్లల సంచులు మోసి కప్పు కన్నం దగ్గర పళ్లెంలా దిగిపోయింది. పైపుతో కాసేపే కొట్టాం కాబట్టి పళ్లెం నిండలేదు. పెద్ద వానకి నిండేది, నీళ్లు గంటల తరబడి నిలిచి, సీలెంటులో దొరికిన సందులోంచి దిగేవి. బస్సు ఒరిగాక నీళ్లు నిలవకుండా జారిపోయాయి. మా లెవెల్ కొంచెం అధ్వాన్నంగా ఉండుంటే మేము ఎప్పుడో చిలికా చూసేవాళ్లం.

"అత్తా, మావయ్య దిగట్లేదు."

"దిగుతార్లే. బుర్రలో బుడగ పక్కకెళ్లింది. కుదురుకోనీ."

ఆ సందు కూడా పూడ్చాం. టైరు బాగుచేయించాం. ఇంకో వాన చూశాక, అత్త ఎవరితోనూ ఏమీ అనకుండా టీపొడి డబ్బా తెచ్చి బస్సులో పెట్టింది.

చిలికా ఒడ్డున ఆగగానే మావయ్య ఎడమ చక్రాల్ని పలకలెక్కించాడు. రసమట్టం తీసి, బుడగ మధ్యలో లేదని రూఢి చేసుకున్నాడు. ఉండుంటే ఇంకో పలక వేసేవాడు. కాసేపట్లో వాన మొదలైంది. నీళ్లు కుడివైపు నుంచి కారిపోతున్నాయి. అత్త బొంత తడిమి, టీ పెట్టింది. గిన్నెలో టీ కూడా ఒక పక్కకే నిలబడింది. ముగ్గురం ఎడమవైపు తలుపు దగ్గర, సరస్సుకెదురుగా, కాస్త వెనక్కి వాలి కూర్చున్నాం.

దూరంగా పట్టాల మీద శ్రీకాకుళం వైపు వెళ్లే రైలు కనపడింది. మావయ్య అలవాటుగా గడియారం చూశాడు.

"లేటు," అన్నాడు.

అత్త గ్లాసు ఊదుకుంది.

"మనకేటి."